స్వీడిష్ సర్వనామాలకు తెలుగు దారి

స్వీడిష్ నేర్చుకోవడం మొదలుపెట్టినవారికి తొలి వారంలోనే సర్వనామాల పట్టిక ఎదురవుతుంది. యా, దూ, హన్, హున్, దెన్, దే, వీ, నీ, దొమ్ అనే తొమ్మిది మాటలు ఒక వరుసలో, వాటి ఇంగ్లీషు అర్థాలు పక్క వరుసలో ఉంటాయి. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఉద్యోగం కోసం, చదువు కోసం స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్ నగరాలకు చేరిన తెలుగువారు ఈ పట్టికను దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషు ద్వారానే చదువుతారు. పాఠ్యపుస్తకాలూ, ఫోన్ యాప్‌లూ ఇంగ్లీషులోనే వివరిస్తాయి. వలస వచ్చినవారికి అక్కడి పురపాలికలు ఉచితంగా నడిపే ఎస్‌ఎఫ్‌ఐ అనే స్వీడిష్ భాషా తరగతుల్లో కూడా అర్థంకానిది పక్కవారిని అడిగేది ఇంగ్లీషులోనే. (తెలుగు రాష్ట్రాల్లో ఎస్‌ఎఫ్‌ఐ అనగానే విద్యార్థి సంఘం జెండా గుర్తుకు రావడం వేరే సంగతి.) ఇంగ్లీషు, స్వీడిష్ ఒకే జర్మానిక్ కుటుంబంలోని భాషలు కాబట్టి ఈ దారే దగ్గరిదని అనుకోవడం సహజం. కానీ సర్వనామాల దగ్గరికి వచ్చేసరికి అది చుట్టుదారి అవుతుంది. ఇంగ్లీషులో లేని కొన్ని ముఖ్యమైన తేడాలను స్వీడిష్ పాటిస్తుంది, వాటిలో చాలా తేడాలను తెలుగు కూడా పాటిస్తుంది. తెలుగువారు పుట్టుకతో వచ్చిన ఆ తెలివిని పక్కన పెట్టి, ఇంగ్లీషువారికి కష్టమైనవాటిని తమకూ కష్టమని నమ్మి, కొత్తగా కుస్తీ పడుతుంటారు.

ఉచ్చారణతోనే ఇది మొదలవుతుంది. స్వీడిష్‌లో టి, డి అక్షరాల ధ్వనులు దంత్యాలు. నాలుక కొన పై పళ్లను తాకుతుంది, అంటే అవి తెలుగు "త", "ద"లకు దగ్గర. అయినా ఇంగ్లీషు అలవాటుతో "డూ", "డెన్" అని పలికేవారే ఎక్కువ. "దూ", "దెన్" అంటే స్వీడన్‌వారి చెవికి చక్కగా ఉంటుంది, అయితే "దూ"లోని అచ్చును పెదవులు బాగా గుండ్రంగా చుట్టి పలకాలి, తెలుగు "ఊ"తో పని పూర్తిగా జరగదు. ఇంకా విశేషమేమిటంటే, దేశంలోని ఎక్కువ ప్రాంతాల్లో ఆర్ తరువాత టి, డి, ఎన్ వస్తే రెండూ కలిసిపోయి మూర్ధన్యాలవుతాయి. "మా" అనే అర్థంలో నపుంసక నామాల ముందు వాడే మాట రాతలో ఆర్-టితో ముగుస్తుంది, నోట "వోట్" అని వినిపిస్తుంది. పిల్ల, బిడ్డ అనే అర్థం గల మాట చివర ఆర్-ఎన్ ఉంటుంది, అది "బాణ్" అవుతుంది. త-ట, న-ణ భేదాలు నోట ఉన్నవారికి ఇది వింతగా తోచదు, యూరప్‌లోని చాలా దేశాలవారికి మాత్రం సాధన కావాలి. దక్షిణాన స్కోనె ప్రాంతంలోనూ, ఫిన్లాండులోని స్వీడిష్‌లోనూ ఈ కలయిక జరగదు కాబట్టి, మాల్మోలో ఉండేవారికి ఆర్, టి వేరువేరుగా వినిపించవచ్చు.

రాతకూ మాటకూ మధ్య దూరం ఎక్కువగా కనిపించేది సర్వనామాల్లోనే. "నేను" అనే మాట చివర జీ అక్షరం రాస్తారు, మామూలు మాటల్లో అది వినిపించదు, "యా" మాత్రమే మిగులుతుంది. అవును అనడానికీ "యా" అనే అంటారు కాబట్టి మొదట్లో కాస్త తికమక తప్పదు. నన్ను, నిన్ను, తన్ను అనే అర్థాలిచ్చే మూడు మాటలను ఐ-జీలతో రాసి "మెయ్", "దెయ్", "సెయ్" అని పలుకుతారు. అన్నిటికన్నా పెద్ద ఉచ్చు మరొకటి ఉంది. డి-ఇ అని రెండక్షరాలతో రాసిన మాటకు వారు, అవి అని అర్థం, దాన్ని "దొమ్" అని చదవాలి. డి-ఇ-టి అని మూడక్షరాలతో రాసినదానికి అది అని అర్థం, చివరి టిని మింగేసి "దే" అనాలి. అంటే "దే" అని రాసినట్టు కనిపించేది "దే" కాదు, "దే" అని వినిపించేది మరో మాట. ఈ ఒక్క సంగతి మొదటి రోజే తెలిస్తే రెండు నెలల గందరగోళం తప్పుతుంది.

స్వీడిష్ క్రియ పురుషనుబట్టి మారదు. నేను, నువ్వు, ఆమె, వారు అందరికీ ఒకే రూపం: "యా ఎర్", "దూ ఎర్", "హున్ ఎర్", "దొమ్ ఎర్". ఒకప్పుడు రాతలో బహువచనానికి "ఏరూ" అనే వేరే రూపం ఉండేది, స్వీడన్ వార్తా సంస్థ టీటీ 1945లో ఆ రూపాలను వదిలేసిన తరువాత అవి క్రమంగా అంతరించాయి. క్రియా రూపాలు కంఠస్థం చేసే బాధ లేకపోవడం నేర్చుకునేవారికి వరమే, కానీ దానికి మూల్యం ఉంది. తెలుగులో "వెళ్తున్నాను" అంటే చాలు, "నేను" అక్కర్లేదు, చివరి "ను" ఆ పని చేస్తుంది. స్వీడిష్ క్రియలో ఆ తోక లేదు కనుక సర్వనామాన్ని వదిలేస్తే వెళ్తున్నది ఎవరో చెప్పే ఆధారమే ఉండదు. తెలుగువారు తొలినాళ్లలో చేసే తప్పుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది: క్రియ సరిగ్గా వస్తుంది, కర్త మాయమవుతుంది. దీనికి తోడు, వాక్యం "ఈరోజు" వంటి మాటతో మొదలైతే క్రియ రెండో స్థానంలోనే నిలబడి, సర్వనామం దాని వెనక్కి వెళ్తుంది. "ఇదా లేసెర్ యా" అంటే ఈరోజు నేను చదువుతాను. ఇక్కడ ఇంగ్లీషు పద్ధతిలో "ఈరోజు" తరువాత "యా" పెడితే తప్పవుతుంది.

"వీ" గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మనం, మేము అనే భేదం స్వీడిష్‌లో లేదు, రెండింటికీ "వీ" ఒక్కటే. అయితే "మా అమ్మ" అనే తెలుగు పలుకుబడిని యథాతథంగా దించితే చిక్కు వస్తుంది. తోబుట్టువు లేనివారు కూడా తెలుగులో మా అమ్మ, మా ఊరు, మా ఇల్లు అంటారు. స్వీడిష్‌లో అలా అంటే అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో పక్కనే ఉన్నారని వినేవారు అనుకుంటారు. అక్కడ "మిన్ మమ్మా", నా అమ్మ, అనే చెప్పాలి. తెలుగు చెవికి "నా అమ్మ" కొంచెం స్వార్థంగా వినిపించినా తప్పదు.

"దెన్", "దే" రెండూ అది అనే అర్థమే ఇస్తాయి. ఇంగ్లీషు పట్టికలో రెండింటి ఎదురుగా ఒకే మాట ఉండడం వల్ల అవి ఒకదాని బదులు ఒకటి వాడదగినవనే భ్రమ కలుగుతుంది. స్వీడిష్ నామాలు రెండు వర్గాలుగా ఉంటాయి. సుమారు నాలుగింట మూడు వంతులు "ఎన్" వర్గానికీ, మిగిలినవి "ఎత్" వర్గానికీ చెందుతాయి. ఏ నామం ఏ వర్గానిదో అర్థాన్నిబట్టి తేల్చడం సాధ్యం కాదు. కారు మొదటి వర్గం, ఇల్లు రెండో వర్గం. ఎందుకని అడిగితే జవాబు లేదు. అదృష్టవశాత్తూ ఆ వర్గపు గుర్తు మాట చివర అతుక్కుని వస్తుంది. ఆ కారు "బీలెన్", ఆ ఇల్లు "హూసెత్". మాట న్‌తో ముగిస్తే దాన్ని "దెన్" అంటారు, త్‌తో ముగిస్తే రాతలో త్ ఉన్న "దే" అంటారు. ఈ న్-త్ జంట సర్వనామాలన్నిటా పరుచుకుని ఉంది: నా కారు "మిన్ బీల్", నా ఇల్లు "మిత్ హూస్", నీ కారు "దిన్ బీల్", నీ ఇల్లు "దిత్ హూస్". బహువచనమైతే వర్గంతో పని లేకుండా "మీనా", "దీనా" వస్తాయి. పదిహేను, ఇరవై రూపాలను విడివిడిగా బట్టీ పట్టేవారికి కనిపించని పొందిక ఈ జంటను గమనించినవారికి వెంటనే కనిపిస్తుంది. ఇంతకీ ఈ స్వామ్యవాచకాలు తిట్టడానికి కూడా పనికొస్తాయి. ఇంగ్లీషులో, తెలుగులో ఎదుటివాణ్ని "నువ్వు" అని సంబోధించి తిట్టేచోట స్వీడన్‌వారు "దిన్" వాడతారు, మాటకు మాట దించితే "నీ మూర్ఖుడా" అన్నట్టు ఉంటుంది.

ప్రాచీన స్వీడిష్‌లో పుం, స్త్రీ, నపుంసక లింగాలు మూడూ ఉండేవి, మొదటి రెండూ కలిసిపోయి నేటి "ఎన్" వర్గం ఏర్పడింది. ఆ పాత కాలపు ఆనవాలు ఒకటి ఇప్పటికీ వినిపిస్తుంది. టైమెంత అని అడిగితే కొందరు "హున్", అంటే ఆమె, పది అయింది అన్నట్టుగా జవాబు చెబుతారు, గడియారం ఒకప్పుడు స్త్రీలింగం కాబట్టి. తెలుగు వ్యాకరణంలోనూ ఏకవచనంలో స్త్రీలు అమహత్తుతో, అంటే జంతువులు, వస్తువుల వర్గంతో, కలిసి "వచ్చింది" అనే క్రియనే పంచుకుంటారు, బహువచనంలో మాత్రం పురుషులతో చేరి "వచ్చారు" అవుతారు. స్వీడిష్‌లో మనుషులు, వస్తువులు అనే తేడా ఏకవచనంలోనే ఆగిపోతుంది. వారు, అవి రెండూ "దొమ్" అనే ఒక్క మాటలో కలిసిపోతాయి, అతిథులైనా కుర్చీలైనా.

"దే"కు మరో పెద్ద పని ఉంది. వాన కురుస్తోంది అనడానికి "దే రెంగ్నర్" అంటారు, ఇక్కడ "దే" ఏ వస్తువునూ సూచించదు, కర్త స్థానం ఖాళీగా ఉండకూడదు కాబట్టి వచ్చి కూర్చుంటుంది. తెలుగులో ఇలాంటి ఉత్తుత్తి కర్త లేదు కనుక దీన్ని మాత్రం అలవాటు చేసుకోవాల్సిందే. కానీ తలుపు తట్టిన చప్పుడు విని "వెమ్ ఎర్ దే?" అన్నప్పుడు ఇంట్లోనే ఉన్నట్టు ఉంటుంది. "ఎవరది?" అనే తెలుగు ప్రశ్నకు అది అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. వచ్చినది ఆడో మగో, ఒకరో పదిమందో తెలియనప్పుడు రెండు భాషలూ "అది" అనే మాటనే ఆశ్రయిస్తాయి. జవాబులోనూ "దే" కదులుతుంది. అలసిపోయావా అని అడిగితే తెలుగులో "ఆఁ, అలసిపోయాను" అని క్రియను మళ్లీ చెబుతాం. స్వీడిష్‌లో "యా, దే ఎర్ యా" అంటారు, అవును, అది నేను అన్నట్టు. అడిగిన విషయం మొత్తాన్నీ ఆ చిన్న "దే" మోస్తుంది.

కర్మ రూపాల విషయంలో స్వీడిష్ తెలుగు కన్నా తేలిక. నన్ను, నాకు అనే రెండింటికీ "మెయ్" చాలు. "హన్ సేర్ మెయ్" అంటే అతను నన్ను చూస్తాడు, "హన్ యేర్ మెయ్ ఎన్ బూక్" అంటే అతను నాకొక పుస్తకం ఇస్తాడు. అయితే తెలుగు "నాకు" అన్నీ "మెయ్" కావు. నాకు ఆకలేస్తోంది, నాకు స్వీడిష్ వచ్చు, నాకు తెలుసు, నాకు ఇద్దరు పిల్లలు. తెలుగులో ఈ వాక్యాల్లో అనుభవించేవారికి "కు" విభక్తి వస్తుంది, స్వీడిష్‌లో అన్నిచోట్లా ఆ వ్యక్తే కర్త: "యా ఎర్ హుంగ్రి", "యా కన్ స్వెన్‌స్కా", "యా వేత్", "యా హార్ త్వో బాణ్". ఇంగ్లీషు బాగా వచ్చినవారు ఇక్కడ తప్పటడుగు వేయరు, ఆ మేరకు ఇంగ్లీషు మేలు చేసిందని ఒప్పుకోవాలి. మరో చిన్న నియమం ఇంగ్లీషు నేర్పనిది: "లేదు" అనే అర్థమిచ్చే "ఇంతె" అనే మాటకు ముందు సర్వనామం దూరుతుంది, పేరు మాత్రం వెనకాలే ఆగుతుంది. "యా సేర్ ఇంతె రవి" అంటే నాకు రవి కనిపించడం లేదు. అదే "అతను కనిపించడం లేదు" అనాలంటే "యా సేర్ హొనొమ్ ఇంతె" అవుతుంది.

వారు, వారిని అనే తేడా దగ్గర స్వీడన్‌వారే తడబడటం చూసి కొత్తవారు ఆశ్చర్యపోతారు. మాటలో రెండూ "దొమ్" కావడం వల్ల రాసేటప్పుడు డి-ఇ రాయాలా, డి-ఇ-ఎమ్ రాయాలా అన్నది అక్కడి బడి పిల్లలకు నిత్య సమస్య. రాతలోనూ ఒకే "దొమ్" పెట్టేద్దామనే వాదన, అది భాషను పలచన చేస్తుందనే ప్రతివాదన ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. తెలుగులో ఆలోచించేవారికి ఈ చిక్కు రాదు. వారు అనిపిస్తే మొదటిది, వారిని లేదా వారికి అనిపిస్తే రెండోది. ఒక్కచోట జాగ్రత్త కావాలి: ఆ కొత్త కార్లు అన్నప్పటి "ఆ" అనే అర్థంలో కూడా డి-ఇ వస్తుంది, అక్కడ వాక్యంలో దాని పాత్ర ఏదైనా ఎమ్ చేరదు.

"సెయ్" అనే మాటను పాఠ్యపుస్తకాలు ఆత్మార్థక సర్వనామమని పేరు పెట్టి ఒక అధ్యాయం కేటాయిస్తాయి. తెలుగువారికి దాని ఆత్మ "కొను" అనే క్రియలో ఉంది. "లేరా" అంటే నేర్పు, "లేరా సెయ్" అంటే నేర్చుకొను. "త్వెత్తా" అంటే కడుగు, "త్వెత్తా సెయ్" అంటే ఒళ్లు కడుక్కొను. "రాకా సెయ్" గడ్డం గీసుకొను, "యిఫ్తా సెయ్" పెళ్లి చేసుకొను, "లెగ్గా సెయ్" పడుకొను. పని చేసినవారి మీదికే పని తిరిగి వస్తుందన్న ఊహను రెండు భాషలూ ఒకే తీరుగా పట్టుకున్నాయి. భాషా కుటుంబాలు వేరైనా ఈ పోలిక ఇంత దూరం రావడం ముచ్చటగానే ఉంటుంది. తేడా ఏమిటంటే తెలుగు "కొను" అందరికీ ఒకటే, స్వీడిష్‌లో పురుషనుబట్టి మారుతుంది. నేను నేర్చుకుంటున్నాను "యా లేర్ మెయ్", నువ్వు నేర్చుకుంటున్నావు "దూ లేర్ దెయ్", ఆమె నేర్చుకుంటోంది "హున్ లేర్ సెయ్", మనం నేర్చుకుంటున్నాం "వీ లేర్ ఒస్". పోలికను మరీ లాగకూడదు. తెలుగులో తీసుకొను, అనుకొను, కొనుక్కొను అన్నచోట స్వీడిష్‌లో "సెయ్" రాదు. తెలుగులో "నాకు అలసటగా ఉంది" అన్నచోట స్వీడిష్‌లో "షెన్నా సెయ్" అనే ఆత్మార్థక క్రియ వస్తుంది.

ఇక అసలు విషయం "సిన్". ఇంగ్లీషు నుంచి వచ్చేవారికి స్వీడిష్ సర్వనామాల్లో ఇంతకు మించిన అడ్డంకి లేదు, తెలుగు నుంచి వచ్చేవారికి ఇంతకు మించిన సొంత ఆస్తి లేదు. "రవి ఎల్‌స్కర్ సిన్ ఫ్రూ" అంటే రవి తన భార్యను ప్రేమిస్తాడు. "రవి ఎల్‌స్కర్ హన్స్ ఫ్రూ" అంటే రవి అతని భార్యను, అంటే మరెవరి భార్యనో, ప్రేమిస్తాడు. ఒక్క మాట మారితే కాపురాలు కూలిపోతాయి. ఇంగ్లీషులో రెండు వాక్యాలూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు మీదుగా వచ్చినవారు "హన్స్", "హెన్నెస్" అనే రూపాలనే అంతటా వాడి, తెలియకుండానే అనవసరమైన పుకార్లు పుట్టిస్తారు. తెలుగులో ఆలోచిస్తే సందేహమే లేదు: "తన" అనిపించినచోట "సిన్", "అతని", "ఆమె" అనిపించినచోట "హన్స్", "హెన్నెస్". ఈమధ్య తెలుగు వార్తల్లో, అనువాదాల్లో "రవి అతని భార్యతో కలిసి వచ్చాడు" వంటి వాక్యాలు పెరిగిపోయాయి. ఇంగ్లీషు నీడ తెలుగు "తన"ను కూడా కమ్ముతోందనడానికి అది గుర్తు. అలాంటి తెలుగు అలవాటైనవారికి ఈ సలహా కూడా సరిగా పనిచేయదు. అవ్వల నోట ఉండే తెలుగే ఇక్కడ నమ్మకమైన గురువు.

అయినా "తన", "సిన్" కవలలు కావు. మొదటి తేడా పొంతనలో ఉంది. తెలుగులో సొంతదారు ఒకరైతే తన, పలువురైతే తమ. స్వీడిష్‌లో సొంతదారు ఎందరైనా, ఆడైనా మగైనా లెక్కలేదు, సొంతమైన వస్తువునే చూస్తుంది. కారు అయితే "సిన్", ఇల్లు అయితే "సిత్", పిల్లలు అయితే "సీనా". పైన చెప్పిన న్-త్ జంటే ఇది. లక్ష్మి తన పిల్లల్ని చూసుకున్నా, పదిమంది తమ పిల్లల్ని చూసుకున్నా "సీనా బాణ్" అనే ఉంటుంది.

రెండో తేడా లోతైనది. తెలుగు "తన" వాక్యంలోంచి వాక్యంలోకి దూకగలదు, "సిన్" తన ఉపవాక్యపు గడప దాటదు. "సురేశ్ తన కారు తీసుకెళ్లాడని రవి అన్నాడు" అనే వాక్యంలో కారు సురేశ్‌దీ కావచ్చు, రవిదీ కావచ్చు. తెలుగువారు సందర్భాన్నిబట్టి తేల్చుకుంటారు. స్వీడిష్‌లో ఆ సందిగ్ధం ఉండదు. లోపలి ఉపవాక్యపు కర్త సురేశ్ కనుక "సిన్ బీల్" అంటే కారు సురేశ్‌దే. కారు రవిదని చెప్పాలంటే "హన్స్ బీల్" అనాలి. అలాగే "తన తమ్ముడు వస్తున్నాడని రవి చెప్పాడు" అన్నదాన్ని దించేటప్పుడు "సిన్" పెట్టడం కుదరనే కుదరదు. తమ్ముడే లోపలి కర్త, కర్తలో భాగంగా "సిన్" ఎప్పుడూ రాదు కాబట్టి అక్కడ "హన్స్" తప్పనిసరి. "రవి, తన భార్య మాల్మోలో ఉంటారు" అన్నప్పుడూ ఇదే నియమం: భార్య కూడా కర్తలో భాగమే గనుక "రవి ఒ హన్స్ ఫ్రూ" అంటారు. ఇది తన పుస్తకమే అని చెప్పేటప్పుడూ "దే ఎర్ హన్స్ బూక్" అనాలి, ఎందుకంటే అక్కడి కర్త "దే", మనిషి కాదు. కొన్ని వాక్యాలు స్వీడన్‌వారినే ఇరకాటంలో పెడతాయి. రవి సురేశ్‌ను "సిన్ బీల్" తీసుకెళ్లమన్నాడు అంటే ఎవరి కారు అన్న ప్రశ్నకు అక్కడివారూ వెంటనే ఒకే మాట మీదికి రారు. తెలుగువారికి పరిచయమైన ఆ పాత సందిగ్ధం అలాంటిచోట మళ్లీ తలెత్తుతుంది. వీటన్నిటినీ కలిపితే ఆచరణలో పనికొచ్చే కొలత ఒకటి వస్తుంది: ముందు "తన" కోసం వెతకాలి, ఆ తరువాత ఆ "తన" తిరిగి చూస్తున్న మనిషి అదే ఉపవాక్యంలో కర్తగా, ప్రథమ పురుషలో ఉన్నాడో లేదో చూడాలి. ఉంటే "సిన్" కుటుంబం, లేకపోతే "హన్స్", "హెన్నెస్" లేదా "దేరాస్".

కర్త ఎవరో చెప్పనవసరం లేనిచోట స్వీడిష్ "మన్" అనే మాట వాడుతుంది. "ఇక్కడ పొగ తాగరాదు" అనే తెలుగు వాక్యానికి కర్త అక్కర్లేదు. స్వీడిష్‌లో "మన్ ఫోర్ ఇంతె రోకా హేర్" అంటారు. "మనం ఎంత చేసినా లోకం మెచ్చదు" అన్నప్పటి సర్వసాధారణమైన "మనం" కూడా దీనికి దగ్గరే, ధ్వని కలవడం కేవలం కాకతాళీయం. ఆడా మగా అని చెప్పదలచుకోనప్పుడు వాడే "హెన్" అనే మాట మాత్రం కొత్తది. ఫిన్నిష్‌లోని "హాన్" స్ఫూర్తితో 1966లోనే దాన్ని ప్రతిపాదించారు. 2012లో ఒక పిల్లల పుస్తకం చుట్టూ జరిగిన వాదోపవాదాలతో అది అందరి నోటా పడింది, 2015లో స్వీడిష్ అకాడమీ పదకోశంలో చోటు సంపాదించింది. నగరాల తెలుగులో స్నేహితుల గురించి చెప్పేటప్పుడు వాడే "తను" ఆడామగా తేడా చూపకుండా ఇదే పని చేస్తోంది, ఎవరూ ప్రతిపాదించకుండానే, ఏ వాదోపవాదమూ లేకుండానే.

వ్యాకరణం కన్నా మనసుకు కష్టమైనది "దూ". పట్టిక ప్రకారం "దూ" అంటే నువ్వు, "నీ" అంటే మీరు. ఈ సమీకరణాన్ని నమ్మి పై అధికారినీ, డాక్టరునూ, ఉపాధ్యాయురాలినీ "నీ" అని పిలవబోవడం తెలుగువారికి అప్రయత్నంగా జరిగిపోతుంది. స్వీడిష్‌లో ఆ ఇద్దరి మధ్య తేడా సంఖ్యలో ఉంది, గౌరవంలో లేదు. ఎదుట ఒక్కరే ఉంటే వయసు, హోదా ఏవైనా "దూ", ఒకరికన్నా ఎక్కువమంది ఉంటే "నీ". ఇంగ్లీషు రెండింటికీ ఒకే మాట వాడుతుంది కాబట్టి ఏకవచన బహువచనాల స్పృహ కోసం ఇక్కడా తెలుగునే ఆశ్రయించాలి, కాకపోతే గౌరవార్థక బహువచనాన్ని గుమ్మం బయటే వదలాలి.

ఇది ఎప్పటినుంచో ఉన్న సమానత్వం కాదు. ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు స్వీడన్‌లో సంబోధన ఒక ముళ్లదారి. పెద్దవారిని "దూ" అనకూడదు. "నీ" అంటే ఇంకా అవమానం, ఎందుకంటే బిరుదూ హోదా లేనివారిని, కిందివారిని పిలిచే మాటగా అది స్థిరపడింది. మర్యాద కావాలంటే ఎదుట ఉన్న మనిషినే ప్రథమ పురుషలో, హోదాతో పిలవాలి: డాక్టరుగారికి ఏం కావాలి, డైరెక్టరుగారు నిన్న బాగా నిద్రపోయారా. "దొరగారు భోంచేస్తారా" అనే పాత తెలుగు పద్ధతి గుర్తున్నవారికి ఇది తెలిసిన వాసనే. హోదా తెలియకపోతే సర్వనామం రాకుండా వాక్యాన్ని మెలితిప్పేవారు. ఈ అవస్థ 1960లలో విసుగు పుట్టించి, దశాబ్దం చివరకు "దూ" అందరికీ అందరినీ పిలిచే మాటయింది. 1967లో ప్రభుత్వ వైద్య శాఖకు అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సేద్, ఉద్యోగులందరినీ తాను "దూ" అంటానని ప్రకటించడం ఈ మార్పుకు ప్రతీకగా నిలిచిపోయింది, అప్పటికే గాలి అటు వీస్తున్నా సరే. రాజకుటుంబాన్ని మాత్రం ఇప్పటికీ ప్రథమ పురుషలోనే, రాజుగారు అన్నట్టుగా, సంబోధిస్తారు.

"నీ" పుట్టుక కూడా సంధి కార్యంలాంటిదే. పూర్వం మీరు అనే అర్థంలో "ఈ" అనే మాట ఉండేది, దానితో వచ్చే క్రియ న్‌తో ముగిసేది. "హావెన్ ఈ" అని పలికీ పలికీ క్రియ చివరి న్ జారి సర్వనామానికి అంటుకుని "హావె నీ" అయింది. అలా పుట్టిన మాటకు తెలుగు చెవిలో సరిగ్గా ఎదురు అర్థం వినిపించడం, అంటే మీరు అనేది నీ అన్నట్టు ఉండడం, ఒక చమత్కారం.

ప్రథమ పురుషలోనూ ఇదే సర్దుబాటు అవసరం. వాడు, అతను, ఆయన, వారు అనే నాలుగు మెట్లు "హన్" అనే ఒక్క మెట్టుగా, అది, ఆమె, ఆవిడ "హున్"గా కుదించుకుపోతాయి. తాతగారి గురించి చెబుతూ "హన్" అన్నప్పుడు గొంతులో ఏదో అడ్డుపడినట్టుండటం సహజం, గౌరవంగా "దొమ్" అంటే మాత్రం ఎవరికీ అర్థం కాదు. స్వీడన్‌వారి మర్యాద సర్వనామంలో కాక వాక్యపు మలుపులో ఉంటుంది. "స్కుల్లె దూ కున్నా యెల్పా మెయ్?" అన్నప్పుడు వీలైతే సాయం చేయగలరా అన్న వినయమంతా "స్కుల్లె", "కున్నా" అనే క్రియల్లో ఉంది, "దూ" వల్ల అది తగ్గదు. మాటమాటకూ వాడే "తక్", అంటే ధన్యవాదం, మిగిలిన పని చేస్తుంది.

1980ల తరువాత కొన్ని దుకాణాల్లో, హోటళ్లలో యువ ఉద్యోగులు ఒక్కరినే "నీ" అని పిలవడం మళ్లీ మొదలైంది. వారి ఉద్దేశం మర్యాదే అయినా, పాత "నీ"లోని చులకన గుర్తున్న వృద్ధులు కొందరు నొచ్చుకుంటారు. ఫిన్లాండులోని స్వీడిష్‌లో మర్యాద "నీ" మరింత సజీవంగా ఉంది. స్వీడన్‌లో కొత్తగా నేర్చుకునేవారు "నీ"ని బహువచనానికే ఉంచుకోవడం క్షేమం. అప్పుడు దాని తోబుట్టువులు కూడా వెంట వస్తాయి: మిమ్మల్ని, మీకు అనడానికి "ఏర్", మీ కారు "ఏర్ బీల్", మీ ఇల్లు "ఏట్ హూస్", బహువచన నామాల ముందు "ఏరా". పొరుగింటి పెద్దావిడ దంపతులిద్దరినీ ఆపి "హూర్ మోర్ ఏరా బాణ్?" అని ఎంతో ఆప్యాయంగా అడిగితే తెలుగు భర్త మొదట ఉలిక్కిపడతాడు, ఆమె అడిగింది మీ పిల్లలు ఎలా ఉన్నారని.